కొత్తగూడెం ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ పెద్దలకు బహిరంగ లేఖ: ముందు పిల్లల్ని రాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి, అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు, ఉన్నత విద్యాశాఖ అధికారులకు,

నమస్కారం.

కొత్తగూడెం ఇంజనీరింగ్ కాలేజీని పెంచి, డాక్టర్ మన్మోహన్ సింగ్ గారి పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చారన్న వార్త వచ్చినప్పుడు జియాలజీ చదివినవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చాలా రోజులు అదే చర్చ. మా సబ్జెక్టు మామూలుగా వార్తల్లోకి ఎక్కదు. భూకంపం వస్తే ఒక పూట, ఎక్కడో బంగారం పడిందని పుకారు పుడితే ఇంకో పూట గుర్తొస్తాం. అలాంటిది ఏకంగా ఒక యూనివర్సిటీ! సంతోషమే. సంతోషంతో పాటు కాస్త టెన్షన్ కూడా ఉంది. అందుకే ఈ ఉత్తరం. సిలబస్ రాసే దశలో చెబితే వినే అవకాశం ఉంటుంది. ముద్రించాక చెబితే మళ్లీ రివిజన్ కమిటీ కూర్చునేదాకా ఆగాలి.

నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జియాలజీ చదివాను. ఏదన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే నేను చెప్పబోయేది వేరేచోట్ల చదివిన స్నేహితులూ దాదాపు ఇదే మాటల్లో చెప్తారు. ఇప్పుడు భూగర్భజలాల పని చేసుకుంటున్నాను. మాటల్లో చెప్పాలంటే బోరు పాయింట్లు చూసేవాడిని.

మీ నుంచి కోరేది ఒక్కటే. ఫీల్డ్‌వర్క్‌ను డిగ్రీకి నడిమధ్య పెట్టండి. దానికి టైమ్‌టేబుల్లో రోజులు, బడ్జెట్లో డబ్బు, మార్కుల్లో వాటా, వెంట నడిచే అధ్యాపకుడు ఉండాలి. చివరి సెమిస్టర్లో వేసే టూరును ఫీల్డ్‌వర్క్ అనొద్దు.

మీరున్న చోటు చూడండి. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ పక్కనున్న చిన్న ఊరి పేరు కంపెనీకి పెట్టడంతో సింగరేణి అన్నది తెలుగువాళ్లందరి నోళ్లలో నానే మాటైంది. అదే కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద కూడా పెద్ద గ్రంథం రాశాడు. ఆ రోజుల్లో ఆయన ఆ అడవులన్నీ నడిచే చూశాడు. ఇప్పుడు మీ క్యాంపస్ గేటు ముందు ఆర్టీసీ బస్సు ఎక్కితే అదే నేలకు పిల్లలు పూటలో చేరుకుంటారు.

ప్రాణహిత గోదావరి లోయ భూమి పగిలి కుంగిన ఒక పొడుగాటి పల్లం. అందులో దాదాపు 350 కిలోమీటర్ల మేర బొగ్గు పొరలున్నాయి. ఆ పల్లం అడుగున తాల్చేర్ అనే పొర ఉంటుంది. హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన గుండ్రాళ్లు, వాటి మధ్య మెత్తటి మట్టి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం చుట్టుపక్కల ఒకప్పుడు మంచు పరుచుకుని ఉండేదన్న సంగతి క్లాసులో చెబితే పిల్లలు నోట్సులో రాసుకుంటారు. ఆ గుండ్రాయిని చేత్తో పట్టుకుంటే నమ్ముతారు. దాని మీద బరాకర్ పొర. మనం తవ్వే బొగ్గులో ఎక్కువ భాగం అందులోదే. లోయకు పక్కల పాఖాల రాళ్లు, ఆ పక్కన అంతకంటే పాత గ్రానైట్లు, నైస్ అనే చారల రాళ్లు. మణుగూరు దగ్గర పగిడేరులో లోతు బోరు వేస్తే వేడినీళ్లు పైకొస్తాయి. అదే లోయలో ఇంకా పైకి వెళ్తే యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్. ఇంత దగ్గరలో ఇంత సరుకున్న యూనివర్సిటీ క్యాంపస్‌లు దేశంలో ఎన్ని ఉంటాయి?

ఇప్పుడు ప్రభుత్వ యూనివర్సిటీల్లో జరిగేది చెప్తాను. ఫీల్డ్‌వర్క్ ప్రతి సిలబస్‌లోనూ ఉంది. కాగితం మీద ఎక్కడా లోటు లేదు. అడ్వాన్సు ఫైలు డిపార్ట్‌మెంటు నుంచి ప్రిన్సిపాల్ ఆఫీసుకు, అక్కడి నుంచి ఫైనాన్స్ సెక్షన్‌కు, ఏదో కొర్రీతో మళ్లీ వెనక్కి. డబ్బు మంజూరయ్యేసరికి మార్చి వస్తుంది. మార్చిలో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి బిల్లులు ఆలోపే పెట్టాలి. దాంతో హడావిడిగా ఒక బస్సు మాట్లాడి, నాలుగు చోట్ల దింపి, ప్రతిచోటా గ్రూపు ఫోటో తీసుకుని, ఒక గుడికో బీచ్‌కో కూడా తిప్పి తీసుకొస్తారు. రాయి దగ్గర గడిపిన సమయం కంటే టిఫిన్ దగ్గర గడిపిన సమయం ఎక్కువ. నేను మాస్టార్లను తప్పుపట్టడం లేదు. వాళ్లలో సగం మంది కాంట్రాక్టు మీదో గంటల లెక్కన జీతం మీదో ఉన్నవాళ్లు. డీజిల్ డబ్బు చేతి నుంచి పెట్టుకుని, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియక, అయినా పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లను ఎరుగుదును. అలాంటివాళ్లకు రెండోసారి తీసుకెళ్లే ఓపిక ఎందుకుంటుంది?

డిసర్టేషన్ సంగతి ఇంకా అన్యాయం. క్యాంపస్ బయట జిరాక్స్ సెంటర్లో పాత డిసర్టేషన్ల సాఫ్ట్ కాపీలు దొరుకుతాయి. మండలం పేరు మారుస్తారు, కృతజ్ఞతల పేజీలో పేర్లు మారుస్తారు. లోపల టాపోషీట్ (సర్వే మ్యాపు) నంబరు మాత్రం పాత జిల్లాదే ఉంటుంది, వర్షపాతం పట్టికలో సంవత్సరాలూ పాతవే. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు ‘ఈ ఊరు ఎక్కడుందమ్మా?’ అని అడిగితే చెప్పలేక నీళ్లు నమిలే పిల్లలున్నారు. ఆ ఊరికి వాళ్లు వెళ్లి ఉంటే కదా! ఇది పిల్లల దొంగతనం అని కొట్టిపారేయకండి. ఫీల్డుకు పంపకుండా ఫీల్డు రిపోర్టు అడిగితే ఇంకేం తెస్తారు?

ల్యాబు గురించి ఒక్క ముక్క. చెక్కపెట్టెలో థిన్ సెక్షన్లుంటాయి. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు పలకకు అంటిస్తే, పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద అందులోని ఖనిజాలు రంగులు విప్పుతాయి. మొదటిసారి చూసినవాళ్లు ఆ రంగులు మర్చిపోలేరు. కానీ ఆ పెట్టెలోని స్లైడ్లు ఎన్నో బ్యాచ్‌ల కిందటివి. లేబుల్ మీద సిరా వెలిసిపోయి ఉంటుంది. ఈ గ్రానైట్ ఏ కొండదో, ఎవరు తెచ్చారో చెప్పగలిగిన మాస్టారు ఎప్పుడో రిటైరయ్యారు. రాయి కోసే యంత్రం పాడైతే బాగుచేసే టెక్నీషియన్ పోస్టు ఖాళీ. అందుకే కొత్త స్లైడ్ రాదు. ప్రతి విద్యార్థీ తాను ఏరిన రాయిని తానే కోసి, తానే అరగదీసి, తానే మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. అప్పుడే కొండకూ ఆ రంగులకూ మధ్య దారి వాళ్లకు తెలుస్తుంది. దీనికి కోట్లు అక్కర్లేదు. ఒక కటింగ్ మెషిన్, ఒక గ్రైండింగ్ పలక, జీతం సరిగ్గా అందే ఒక టెక్నీషియన్ చాలు.

ఫీల్డులో ఏం నేర్చుకుంటారో తెలియనివాళ్ల కోసం ఒక చిన్న సంగతి చెప్తాను. ఈ ఉత్తరం ఆర్థిక శాఖ వాళ్లు కూడా చదవాలని నా కోరిక. రాతి పొరలు చాలాచోట్ల నేలకు సమాంతరంగా ఉండవు, ఒరిగిన పుస్తకాల దొంతరలా వాలుగా ఉంటాయి. ఆ వాలు ఎటు, ఎంత అన్నది కొలవడం మా చదువులో ఓనమాలు. దాన్ని కొలిచే బ్రంటన్ కాంపాస్ అనే పరికరం బొమ్మ బోర్డు మీద గీసి చెబితే సెమిస్టర్ అంతా అర్థం కాదు. క్వారీలో పొర పైభాగం తేలి ఉన్నచోట పిల్లల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా వంచి ఒక్క గుక్కెడు నీళ్లు పోయమనండి. నీళ్లు జారిన దిక్కే వాలు. దానికి అడ్డంగా సుద్దముక్కతో గీత గీస్తే అది స్ట్రైక్, అంటే పొర సాగే దిశ. కాంపాస్ అంచును ఆ గీతకు ఆనించి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా ఆగి, సూది నిలిచాక అంకె చదవడం. మొదటి అరగంట ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వస్తుంది. ఎవరి జేబులోనో ఫోను, ఎవరి పక్కనో సుత్తి, ఇనుము దగ్గరుంటే సూదిని పక్కకు లాగుతుంది. ఇదంతా సర్దుకుని మధ్యాహ్నానికి పది మందికీ ఒకే అంకె వచ్చేసరికి, ఈ బొగ్గు పొర ఇక్కడ కనిపిస్తే అర కిలోమీటరు అవతల ఎంత లోతులో తగులుతుందో లెక్క వాళ్లంతట వాళ్లే కడతారు. సింగరేణిలో బోరింగ్ ఎక్కడ వేయాలన్న నిర్ణయం మొదలయ్యేది ఆ లెక్క దగ్గరే.

ఆ పనికి ఒక్కో బ్యాచ్‌కు పది కాంపాస్‌లన్నా కావాలి. ఒకే కాంపాస్ చుట్టూ తరగతి మొత్తం మూగితే ముందు వరసలో ఉన్నవాళ్లకే చదువు.

యూనివర్సిటీ అన్నాక కొత్తగూడెం దాటి కూడా పోవాలి. రాష్ట్రాలు రెండైనా రాళ్లు పంచుకోలేదు కదా. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే బస్సులో కోట్ల మంది భక్తులు ఒక గీత పక్కనుంచి వెళ్తుంటారు. కింద 250 కోట్ల ఏళ్లు దాటిన గ్రానైట్, దాని మీద నేరుగా వచ్చి కూర్చున్న నగరి క్వార్ట్‌జైట్. రెంటి మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల చరిత్ర గల్లంతు. ఎపార్కియన్ అసంగతి అని దానికి పేరు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తింపు. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో నల్లరాయి కంకర కొడుతుంటారు. అది దక్కన్ లావా. పశ్చిమ కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి బంగాళాఖాతం ఒడ్డుకు చేరిందని శాస్త్రవేత్తలు చెప్తారు. మంగంపేట ముగ్గురాయి గనిలో పొరలు పొరలుగా ఉన్న బెరైటీస్ ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన తోబా అగ్నిపర్వతం బూడిద పొర ఇప్పటికీ ఉంది. దాని పైనా కిందా మన పూర్వుల రాతి పనిముట్లు దొరికాయి. ఆ బూడిదను శుభ్రం చేసే పౌడర్ల కోసం తవ్వుకుపోయారన్నది వేరే కథ. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బల మీద ఎప్పుడూ ఎవరో ఒకరి కన్ను ఉంటూనే ఉంటుంది. మన పిల్లలు చూసేలోపు ఎన్ని మిగులుతాయో చెప్పలేం. తొందరపడమనడానికి అదీ ఒక కారణం.

ఈ విషయంలో మనకు పాత ఉదాహరణ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగానికి పేరు తెచ్చిన ప్రొఫెసర్ సి. మహాదేవన్ అంతకుముందు హైదరాబాద్ జియలాజికల్ సర్వేలో పని చేసినవారు, ఫీల్డు మనిషి. ఆయన కాలంలోనే, 1952లో, అమెరికా నుంచి లఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వాల్తేరు వచ్చారు. నౌకాదళం ఓడల్లో విద్యార్థులతో కలిసి బంగాళాఖాతం అడుగును కొలిచారు. ఆ తర్వాతి కాలంలో అక్కడ బయటపడిన లోతైన సముద్రగర్భ లోయల్లో ఒకదానికి ఆంధ్ర, ఒకదానికి కృష్ణ, ఇంకొకదానికి మహాదేవన్ అని పేర్లు పెట్టారు. సముద్రం అడుగున ఒక తెలుగు యూనివర్సిటీ ప్రొఫెసర్ పేరుతో లోయ ఉందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లు. చేతిలో డబ్బు లేదు, ఓడ లేదు. అడిగి తెచ్చుకున్నారు. ఇప్పుడు మీకు ఓడ అక్కర్లేదు, ఒక మినీ బస్సు చాలు.

ఇక నా రోజువారీ పని గురించి. ప్రభుత్వ యూనివర్సిటీలో ఈ చదువు ఎందుకుండాలని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఇదే.

తెలంగాణలో చాలాభాగం, రాయలసీమలో పెద్దభాగం గట్టి రాతి నేల. ఇసుక నేలలో లాగా తవ్విన ప్రతిచోటా నీళ్లు పడవు. పైన మొరంగా మారిన పొర ఉంటుంది, కొన్నిచోట్ల పది మీటర్లు, కొన్నిచోట్ల ఇరవై. వాన నీరు ముందు అందులో నిలుస్తుంది. దాని కింద గట్టి బండ. బండలో పగుళ్లుంటే ఆ పగుళ్లలో నీరు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గి, ఉన్నవీ మూసుకుపోతాయి. ఈ నాలుగు ముక్కలు తెలియక మన రైతు వెయ్యి అడుగుల బోరు వేయిస్తాడు. మొదటి ఆరొందల్లో పడని నీళ్లు తర్వాతి నాలుగొందల్లో పడతాయన్న ఆశ. రిగ్గువాడు అడుగుకింత లెక్కన తీసుకుంటాడు, వాడికి దుమ్ము వచ్చినా నీళ్లు వచ్చినా ఒకటే. పాయింటు ఎవరు పెట్టారంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే పెద్దాయన, లేకపోతే వేపపుల్ల పట్టుకున్న ఇంకొకాయన. నేను వాళ్లను వెక్కిరించను. రైతు దగ్గరికి వాళ్లు వెళ్లారు, మనం వెళ్లలేదు. మెషిన్ తెచ్చి, నేలలోకి కరెంటు పంపి నీళ్ల జాడ వెతికే రెసిస్టివిటీ సర్వే చేసేవాళ్లలో కూడా కొందరు రీడింగు తీసి, దాన్ని పక్కన పెట్టి, రైతు ముఖం చూసి పాయింటు పెట్టేస్తారు. ఆ రీడింగు చదవడం వాళ్లకు ఎవరూ నేలమీద నేర్పలేదు. క్లాసులో ఆ రీడింగుల గీతను నమూనా గీతలతో పోల్చే కర్వ్ మ్యాచింగ్ మార్కుల కోసం చేశారు, అంతే.

మీ ఎమ్మెస్సీ విద్యార్థులకు ఒక్కొక్కరికీ ఒక ఊరు అప్పగించండి. ఊళ్లోని బావులు, బోర్ల జాబితా, ఎంత లోతు, ఏ లోతులో రాయి మారింది, నీళ్లు ఎక్కడ తగిలాయి. మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక నవంబర్‌లో ఒకసారి నీటిమట్టం కొలవాలి. తర్వాతి ఏడాది వచ్చినవాడు అదే ఊరు కొనసాగించాలి. పదేళ్లలో భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల్లో ఎవరి దగ్గరా లేని లెక్క మీ దగ్గర ఉంటుంది. దాన్ని తెలుగులో, ఆ ఊరి మ్యాపు మీద, పంచాయతీ గోడకు అంటించండి. జిరాక్స్ సెంటర్ డిసర్టేషన్లకు ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. ఊరివాళ్లు చదివే రిపోర్టులో పక్క మండలం అంకెలు వేస్తే ఊరివాళ్లే పట్టుకుంటారు.

ఫ్లోరైడ్ సంగతి కూడా ఇందులోదే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. గ్రానైట్‌లోని బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాల్లోంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. ఒకే ఊళ్లో ఒక బోరు మంచిది, దానికి వంద గజాల్లో ఉన్నది చెడ్డది కావడం మామూలే. ఎందుకలా అన్నది చెప్పగలిగేది ఆ రెండు బోర్ల కింద ఏ రాయి ఉందో చూసినవాడే. ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ నల్లా ఆగిన రోజు జనం మళ్లీ ఆ బోరు దగ్గరికే వెళ్తారు.

సింగరేణి మీకు పెద్ద అండ. గనుల్లోకి పిల్లల్ని రానివ్వమని, డ్రిల్లింగ్ కోర్‌లు (బోరులోంచి తీసిన రాతి కడ్డీలు) ల్యాబుకు ఇవ్వమని ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. మేనేజరు మారినప్పుడల్లా కొత్తగా బతిమాలుకునే పని ఉండకూడదు. ఓపెన్‌కాస్ట్ గని అంచున నిలబడితే ఒక పాఠ్యపుస్తకం మొత్తం గోడలా కనిపిస్తుంది. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. కంపెనీకి మనుషుల్ని తయారుచేసి ఇచ్చే సంస్థగా మాత్రమే మిగలొద్దు. బొగ్గు పైనుంచి తీసి పోసిన ఓబీ మట్టి గుట్టల కింద ఏ వాగు పూడింది, గని నీళ్లు తోడేస్తే చుట్టుపక్కల బావుల్లో మట్టం ఎంత దిగింది, భూగర్భ గనుల మీద నేల ఎక్కడ కుంగింది అన్నవి కూడా జియాలజీయే. మీ జిల్లాలో ఎక్కువ భాగం ఏజెన్సీ. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అంటే ఏమిటో, ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుల గురించి 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తెలియకుండా గిరిజన గ్రామంలో సుత్తి పట్టుకుని తిరిగే విద్యార్థిని ఊరివాళ్లు అనుమానంగా చూస్తే తప్పు వాళ్లది కాదు. రాయి కొట్టేవాడు వస్తే వెనకే బుల్డోజరు వస్తుందని వాళ్ల అనుభవం. రెండు గంటల పాఠం పెట్టండి, పంచాయతీకి ముందుగా ఉత్తరం రాసే అలవాటు చేయండి.

అమ్మాయిల విషయం. జియాలజీ క్లాసుల్లో ఇప్పుడు అమ్మాయిలు బాగానే ఉంటున్నారు. ఫీల్డు దగ్గరికొచ్చేసరికి ‘సేఫ్టీ’ అన్న ఒక్క మాటతో వాళ్ల రోజులు కత్తిరిస్తారు. అబ్బాయిలు కొండెక్కితే వాళ్లు బస్సు దగ్గర ఉండి శాంపిల్స్‌కు లేబుళ్లు రాయాలి. భూగర్భ గనుల్లో ఆడవాళ్లు పని చేయకూడదని 1952 గనుల చట్టంలో ఉండేది. 2019లో కేంద్రం షరతులతో ఆ దారి తెరిచింది. చట్టమే గనిలోకి దిగొచ్చు అన్నాక కాలేజీ కొండ కిందే ఆపేస్తే ఎలా? వాళ్లకు కావాల్సింది పెద్దగా ఏమీ లేదు. బస చేసేచోట తలుపుకు గడియ ఉన్న బాత్‌రూమ్, వెంట ఒక మహిళా అధ్యాపకురాలు, స్థానిక పోలీస్ స్టేషన్‌కు ముందస్తు సమాచారం. ఇవన్నీ అబ్బాయిలకూ మంచివే. సంక్షేమ హాస్టళ్లు సెలవుల్లో ఖాళీగా ఉంటాయి, కలెక్టర్ గారు ఒక సంతకం పెడితే బస సమస్య తీరిపోతుంది.

‘రాళ్లు చదివితే ఏం ఉద్యోగం వస్తుంది’ అని ప్రతి ఇంట్లో అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం, దాని శిక్షణ సంస్థ, భూభౌతిక పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ, అణుఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్, అన్నీ ఆ ఊళ్లోనే. యూపీఎస్సీ ఏటా కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది, కేంద్ర భూగర్భజల బోర్డు పోస్టులు కూడా అందులోనే. మన పిల్లలు రాతపరీక్ష గట్టెక్కుతారు, కోచింగ్ నోట్సు కంఠతా వచ్చు. ఇంటర్వ్యూలో రాతి ముక్క చేతికిచ్చి ఇదేమిటంటే తడబడతారు. కీలక ఖనిజాల కోసం కేంద్రం 2025లో ఒక జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆ అన్వేషణకు కావాల్సిన మనుషులు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు మాత్రమే కాదు. రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్ బొమ్మలు చదవడం), జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని) తప్పకుండా నేర్పండి, జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్లో మ్యాపులు ఉచితంగా ఉన్నాయి, బ్రహ్మాండంగా వాడుకోవచ్చు. కానీ శాటిలైట్ బొమ్మలో కనిపించిన ఎర్రమచ్చ లేటరైట్ అనే ఎర్రరాయో, ఇటుక బట్టీయో వెళ్లి చూసినవాడికే తెలుస్తుంది.

ఇంకో చిన్న కోరిక. రాయి కొట్టి బతికే వడ్డెరలు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. బండ మీద సుత్తితో తట్టి, మోతను బట్టి ఎటు చీలుతుందో చెప్పేస్తారు. ఫ్రాక్చర్లు, జాయింట్లు అనే బండ పగుళ్ల గురించి పాఠం చెప్పేరోజు వాళ్లలో ఒకరిని క్వారీలోనే పిల్లలకు మాట్లాడనివ్వండి. గెస్ట్ ఫ్యాకల్టీకి ఇచ్చే గౌరవ వేతనం వాళ్లకూ ఇవ్వండి. రూల్ లేదంటారేమో. కొత్త యూనివర్సిటీ కదా, రూల్ రాసేది మీరే.

2024 డిసెంబర్ 4న ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు రెండు రాష్ట్రాల్లో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఆ రోజంతా ఫోన్లలో తిరిగినవి పుకార్లే. గోదావరి లోయలో ఇలాంటివి కొత్త కావు, 1969లో భద్రాచలం దగ్గర కూడా గట్టిగానే వచ్చింది. కానీ ఆ సంగతి తెలుగులో, ఆ గంటలోనే, నమ్మకంగా చెప్పే ఒక స్థానిక గొంతు లేకపోయింది. అది మీ యూనివర్సిటీ కావాలి. క్యాంపస్‌లో భూకంపాలు నమోదు చేసే ఒక సీస్మోగ్రాఫ్, దాని రికార్డు చదవగల ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, లోకల్ విలేకరుల ఫోన్ నంబర్లు. దానికీ పెద్ద భవనం అవసరం లేదు.

భవనాల మాటెత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. కొత్త యూనివర్సిటీ అనగానే ముందు ఆర్చి, తర్వాత పరిపాలనా భవనం, ఆ తర్వాత ఆడిటోరియం కట్టే ఆనవాయితీ మనది. ఆర్చి ఆగినా ఎవరికీ నష్టం లేదు. రెగ్యులర్ అధ్యాపకుల నియామకం ఆగితే మాత్రం నేను పైన రాసిందంతా నీటి మీద రాతే. ఏడాదికోసారి రెన్యూవల్ కోసం ఎదురుచూసే మనిషి పదేళ్ల పాటు ఒకే ఊరి బావులు ఎలా కొలిపిస్తాడు?

మా నేలలో ఫీల్డు పనికి అనువైన రోజులు కొన్నే. వానలు తగ్గి, వరి కోసి, పత్తి ఏరి పొలాలు తెరుచుకునే డిసెంబర్, జనవరి నెలలు. ఫిబ్రవరి చివరికే ఎండ మొదలు. అందుకని అడ్వాన్సు అక్టోబర్‌లోనే డిపార్ట్‌మెంట్ చేతికి అందేలా ఉత్తర్వు ఇవ్వండి. మొదటి క్యాంపు ఎక్కడ, ఎన్ని రోజులు, వెంట ఎవరు వెళ్తున్నారు అన్నది అడ్మిషన్ నోటిఫికేషన్‌లోనే వేయండి, చేరే పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ ముందే తెలుస్తుంది. ఇల్లందు వైపు పెట్టుకుంటే గనుక, రిటైరైనవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కలిపి మాలో కొందరం సొంత ఖర్చులతో వచ్చి పిల్లలతో పాటు నడుస్తాం. మా సుత్తులు, కాంపాస్‌లు మేమే తెచ్చుకుంటాం. తేదీలు ఖాయమయ్యాక ఒక్క కబురు పంపండి.

ఇట్లు,
భవదీయుడు,
ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జియాలజీ చదివిన ఒక పూర్వ విద్యార్థి